సంతకం లేని ఆరు నెలలు

యాభై ఒక్క ఏళ్ళ మనిషిని "పనికొస్తాడో లేదో చూద్దాం" అని ఆరు నెలలు పక్కన నిలబెట్టడం ఎంత విడ్డూరమో మీరే ఆలోచించండి. తల నెరిసిపోయింది. కూతురు సొంతంగా సంపాదించుకుంటోంది. రెండు చేతుల మీదా ఆవిరి కాల్చిన మచ్చలున్నాయి, అవి ఎన్నో ఆయనకే గుర్తులేదు. అయినా ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో ప్రొబేషన్ ఆరు నెలలు అని నల్లగా అచ్చేసి ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ వయసులో మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టారే" అన్నాడు భార్యతో.

"కూర్చోబెట్టారు, అదే పదివేలు. కుదురుగా కూర్చోండి" అంది ఆవిడ.

ఆయన్ని అందరూ ఆవిరాయన అనేవాళ్ళు. ఆ పేరు బట్టల మిల్లులో వచ్చింది. అక్కడ బాయిలరు దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఏ గొట్టంలో ఆవిరి తేడాగా కూసినా ముందు ఆయన చెవికే తెలిసేది. మిల్లు మూతపడ్డాక రెండేళ్ళు గేటు కాపలా, గోడౌను కాపలా అంటూ తిరిగాడు. ఊరికే కూర్చుని జీతం తీసుకోవడం ఆయన ఒంటికి పడలేదు. అందుకే ఆసుపత్రిలో పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే గదికి మనిషి కావాలని తెలియగానే రెక్కలు కట్టుకుని వాలాడు.

ఆ గది ఆసుపత్రి నేలకింది అంతస్తులో ఉంది. కిటికీల్లేవు. బీరువాలంత యంత్రాలు రెండు, వాటి తలుపులు బిగించడానికి గుండ్రటి చక్రాలు. ఆపరేషన్ గదుల్లో వాడిన కత్తెరలు, పట్టుకార్లు, గిన్నెలు పైనుంచి చిన్న లిఫ్టులో దిగుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ఆకుపచ్చ గుడ్డలో మూటకట్టి, మూట మీద ఒక రకం టేపు అంటించి యంత్రంలో పెడతారు. ఆ టేపు మీద లేత గీతలుంటాయి. లోపల ఆవిరి తన పని సరిగ్గా చేస్తే గీతలు కాటుకలా నల్లబడతాయి. ప్రతి విడతకీ ఒక టేపు ముక్క చించి రిజిస్టర్లో అంటించాలి, పక్కన టైము వేసి సంతకం పెట్టాలి.

ఆ సంతకం దగ్గరే ఆ గదికో పద్ధతి ఉంది. ప్రొబేషన్లో ఉన్నవాళ్ళకి సంతకం లేదు. ఏ రూల్సు పుస్తకంలోనూ ఈ మాట కనపడదు. ఎప్పుడో ఒకడు చేరిన నెలకే రిజిస్టర్లో సంతకాలు గీకేసి, మర్నాడు చెప్పాపెట్టకుండా ఉడాయించాడట. తర్వాత ఏదో గొడవొచ్చి జవాబు చెప్పే నాథుడు లేకపోయేసరికి, ఉద్యోగం ఖాయమైనవాళ్ళే సంతకం పెట్టాలని అప్పటివాళ్ళు అనుకున్నారు. అనుకున్నది అలాగే ఉండిపోయింది. పని ఎవరు చేసినా పేరు మాత్రం పాతవాళ్ళదే.

ఆ గదిలో పాతమనిషిని అందరూ పెద్దక్క అనేవాళ్ళు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, మోకాళ్ళ నొప్పి, ముక్కు మీద కోపం. రిటైరవడానికి ఏడాదిన్నర కూడా లేదు.

"నా మొదటి ఆరు నెలలూ ఇంకొకావిడ పేరు మీదున్నాయి తమ్ముడూ. ఆవిడ పోయి కూడా పదేళ్ళయింది. నీ ఆరు నెలలు నా పేరు మీదుంటాయి, ఏం అరిగిపోవు" అని మొదటిరోజే చెప్పేసింది.

గిన్నెను బోర్లా పెడితే లోపల గాలి చిక్కుకుపోతుందని, కొంచెం వాల్చి పెట్టాలని ఆవిడే నేర్పింది. కత్తెర నోరు తెరిచే పెట్టాలని, మూట మరీ బిగిస్తే ఆవిరి దూరదని కూడా నేర్పింది. తప్పు చేస్తే నోటికొచ్చినట్టు తిట్టేది. మూడు వారాలయ్యాక తిట్టడానికి ఏమీ దొరక్క చూడటమే మానేసింది. సింకు పక్క స్టూలు మీద మోకాలు నిమురుకుంటూ కూర్చుని, డ్యూటీ దిగేముందు కళ్ళజోడు పెట్టుకుని ఎనిమిది విడతలకీ ఎనిమిది సంతకాలు ఒక్క ఊపున పెట్టేసేది. ఆవిడ తన మీద అంత నమ్మకం ఉంచిందని ఆవిరాయన లోలోపల మురిసిపోయేవాడు.

ఐదో నెల దాటాక ఒకరోజు పెద్దక్క పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. ఆవేళ రెండో యంత్రం తలుపు దగ్గర సన్నగా ఈల వినిపించింది. ఇంకెవరైనా అయితే ఫ్యాను చప్పుడనుకునేవాళ్ళు. ఆవిరాయన చెయ్యి దగ్గరపెట్టి చూశాడు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట చిరిగింది. విడత ముగిశాక తలుపు తీస్తే గీతలు గోధుమరంగులో ఉన్నాయి, నల్లబడలేదు.

పైనుంచి ఫోను. మూటలు పంపమంటున్నారు, పేషెంటు బల్ల మీద ఉన్నాడంటున్నారు.

"రంగు కొంచెం మారిందంటున్నారుగా, చాల్లెండి, పంపండి" అంది నర్సు.

"కొంచెం మారితే చాలదమ్మా. ఇవి పంపను" అన్నాడు.

అన్నిటినీ విప్పి, మళ్ళీ మూటలు కట్టి, మొదటి యంత్రంలో పెట్టాడు. ఆపరేషన్ రెండు గంటలు ఆలస్యమైంది. పెద్ద డాక్టరు ఫోన్లో ఇల్లెక్కి కూశాడు. ఆపేసిన విడతను అక్కడికక్కడే రిజిస్టర్లో రాయాలి, లేకపోతే ఎవరో తెలియక ఆ మూటలే పట్టుకుపోతారు. పెద్దక్క లేదు. ఆవిరాయన కలం తీసి, "రెండో యంత్రం తలుపు రబ్బరు లీకు. గీతలు నల్లబడలేదు. ఈ విడత ఆపేశాను" అని రాసి, కింద తన పేరు పెట్టాడు. ఆవేళ మిగతా విడతలకి మాత్రం పెద్దక్క సంతకానికి ఖాళీ వదిలాడు.

మర్నాడు మెకానిక్కు వచ్చి రబ్బరు మార్చి వెళ్ళాడు. పెద్దక్క వాచిన బుగ్గతో వచ్చి రిజిస్టరు చూసి తల పట్టుకుంది.

"దీనికీ నాకోసం ఖాళీ వదిలెయ్యకపోయావా? నేనొచ్చి పెట్టేదాన్ని కదా!"

"ఆపింది నేను కదక్కా. డాక్టరు అడిగితే నువ్వేం చెప్తావు?"

ఆవిడ రిజిస్టరు మూసేసింది. ఆయనా అంతటితో మర్చిపోయాడు.

ఆరు నెలలకి ఇంకా పన్నెండు రోజులుందనగా మేనేజరు గదికి పిలుపొచ్చింది. మేనేజరు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆవిరాయన మిల్లులో చేరేనాటికి ఈయన ఉయ్యాల్లో ఉండి ఉంటాడు. చెడ్డవాడు కాదు. కాగితంలో ఉన్నదే లోకమనుకునే మనిషి, అంతే. ఒక ఉత్తరం చేతిలో పెట్టాడు. 'ప్రొబేషన్ కాలంలో మీ పనితీరు సంతృప్తికరంగా లేదు. రిజిస్టరు ప్రకారం ఈ కాలంలో మీ పేరు మీద నమోదైన విడత ఒక్కటే. అది కూడా విఫలమైంది. బాధ్యత గల ఈ పనికి మీరు తగరు.'

"సార్, రోజుకి ఎనిమిది విడతలు నేనే..." అని మొదలుపెట్టాడు.

"రిజిస్టర్లో ఎక్కడుంది, చూపించండి."

చూపించాలంటే పెద్దక్కవైపు వేలు పెట్టాలి.

"నిజానికి ప్రొబేషన్లో ఉన్నవాళ్ళకి కారణం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. పెద్దవారని మర్యాదకి రాసిచ్చాను" అన్నాడు మేనేజరు.

ఇల్లు చేరేసరికి ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. మిల్లు పోయినప్పుడు ఇంత బాధపడలేదు. అప్పుడు ఆరొందల మంది కలిసి రోడ్డున పడ్డారు, తప్పు ఎవరిదీ కాదు. ఇప్పుడు తన ఒక్కడి పేరు పెట్టి 'తగరు' అని రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని యాభై ఒక్క ఏళ్ళ మనిషి ఏ గుమ్మం ఎక్కుతాడు? ముప్పై ఏళ్ళ పనిని ఒక్క ముక్కతో కొట్టిపారేశారని ఆయన కుమిలిపోయాడు. భార్య నీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

కూతురు మాత్రం ఒంటికాలి మీద లేచింది. ఆ పిల్ల పనిచేసే జెరాక్సు షాపు లేబర్ ఆఫీసు ఎదురుగానే ఉంది.

"నాన్నా, ఇలాంటి ఉత్తరాలు రోజుకి నాలుగు కాపీ తీస్తాను నేను. వాటిని పట్టుకుని జనం ఎక్కడికెళ్తారో నాకు తెలుసు. లే, చొక్కా మార్చుకో."

లేబర్ ఆఫీసరు ఉత్తరాన్ని నింపాదిగా చదివాడు. తర్వాత ఉద్యోగంలో చేరినప్పుడిచ్చిన రూల్సు కాగితాలు తిరగేశాడు.

"ప్రొబేషన్ అంటే హక్కుల్లేని కాలం అనుకుంటారు చాలామంది. అదేం కాదు. 'మీ అవసరం మాకు లేదు' అని ఒక్క ముక్క రాసి పంపేస్తే నేను చెయ్యగలిగింది తక్కువ. కానీ ఇక్కడ 'ఈ పనికి తగరు' అన్నారు. అది మనిషి మీద మచ్చ. మచ్చ వేసేముందు పిలిచి అడగాలి, మీరు చెప్పేది వినాలి. వాళ్ళ రూల్సులోనే ఉంది, చూడండి. మిమ్మల్ని అడిగారా?"

"లేదండి. చేతిలో పెట్టారు."

"అయితే వాళ్ళని పిలుద్దాం."

రెండు వారాల గడువుతో ఆసుపత్రికి నోటీసు వెళ్ళింది. ఆ మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దక్క ఆవిరాయన ఇంటికొచ్చింది. మూడు మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంది. కుర్చీలో కూర్చుని చీర కొంగు మెలితిప్పింది.

"తమ్ముడూ, సిగ్గు విడిచి అడుగుతున్నాను. నన్నందులోకి లాగకు. చూడకుండా సంతకాలు పెట్టానని తెలిస్తే నా పని అయిపోతుంది. పది నెలలుంది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు నీళ్ళపాలవుతుంది. పెన్షను తప్ప నాకింకో ఆధారం లేదు."

ఆవిరాయన ఆవిడ చేతులకేసి చూశాడు. వేడి గిన్నెలు పట్టీ పట్టీ మొద్దుబారిన చేతులు.

"నా నోట నీ పేరు రాదక్కా. భయపడకు" అన్నాడు.

ఆవిడ వెళ్ళాక కూతురు పళ్ళు నూరింది. "ఆవిడ సంతకాలే కదా నీకున్న సాక్ష్యం! మాటిచ్చేశావా? ఇంక అక్కడికెళ్ళి ఏం చెప్తావు?"

"నాకూ తెలీదే" అన్నాడాయన. నిజంగానే తెలీదు.

విచారణ లేబర్ ఆఫీసు వెనక గదిలో జరిగింది. ఒక పొడుగాటి బల్ల, చుట్టూ ఆరు కుర్చీలు. మేనేజరు మూడు రిజిస్టర్లు తెచ్చాడు. అవి ఆ గదివేనని చెప్పడానికి పెద్దక్కని కూడా తెచ్చాడు. ఆవిడ గోడవార కుర్చీలో తల వంచుకుని కూర్చుంది.

లేబర్ ఆఫీసరు ముందు ఆపేసిన విడత తీశాడు. ఆ మర్నాటి మెకానిక్కు చీటీ అడిగి తీసుకుని చదివాడు. "రబ్బరు చిరిగింది, మార్చాం అని రాశాడు. అంటే ఈయన ఆపడం కరెక్టే కదా? ఆపకపోతే ఏమయ్యేది?"

మేనేజరు చీటీ చదివి వెనక్కిచ్చాడు. "సరే, అది ఒప్పుకుంటాను. మిగతా ఆరు నెలల మాటేంటి? సంతకాలన్నీ ఈవిడవి. ఈయన పనిచేసినట్టు ఒక్క ఆధారం చూపించమనండి, ఉత్తరం వెనక్కి తీసుకుంటాను."

"ఏమంటారు?" అన్నాడు ఆఫీసరు.

"పని చేశాను సార్."

"ఎవరు చూశారు?"

పక్కనున్న కూతురు ఆవిరాయన్ని మోచేత్తో పొడిచింది.

"చెప్పను సార్. క్షమించాలి."

"చెప్పకపోతే నేనేం రాయను? మీ కోసమే కదా ఇదంతా!" ఆఫీసరుకి విసుగొచ్చింది, కలం మూత పెట్టేశాడు.

ఉద్యోగం పోయిందని ఆవిరాయనకి ఆ క్షణంలో అర్థమైపోయింది. కళ్ళు చెమ్మగిల్లాయి, అయినా తలెత్తలేదు. ఎత్తితే చూపు గోడవైపు వెళ్తుందని ఆయన భయం.

"నన్నడగండి" అంది పెద్దక్క.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"సంతకాలు నావి. మొదటి మూడు వారాలు తప్ప అందులో ఒక్క విడత కూడా నేను చూళ్ళేదు. కడిగింది, మూటకట్టింది, యంత్రం నడిపింది, టేపు అంటించింది ఈయన. సాయంత్రం కూర్చుని అన్నిటికీ గీకేదాన్ని. నా పేరు చెప్పొద్దని ఇంటికెళ్ళి బతిమాలాను. ఉద్యోగం పోతున్నా చెప్పట్లేదు చూడండి. ఇంక కూర్చోవడం నా వల్ల కావట్లేదు."

"మీరేం మాట్లాడుతున్నారో తెలుస్తోందా?" అన్నాడు మేనేజరు.

"తెలుస్తోంది బాబూ. రాసుకోమనండి."

ఆసుపత్రి ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. ఆవిరాయన్ని పనిలోకి తీసుకోవాలని, పోయిన రోజులు పోగా మిగిలిన పన్నెండు రోజుల ప్రొబేషన్ పూర్తిచెయ్యనివ్వాలని రాసుకున్నారు. ఇంట్లో భార్య చాన్నాళ్ళకి నవ్వింది. ఆయన మర్నాడు డ్యూటీకి వెళ్ళేసరికి పెద్దక్క స్టూలు ఖాళీగా ఉంది. చూడకుండా సంతకాలు పెట్టినందుకు ఆవిణ్ణి సస్పెండు చేశారు. వచ్చే గురువారం ఆసుపత్రి కమిటీ ముందు విచారణ. కావాలంటే ఒక సాక్షిని తెచ్చుకోవచ్చట.

ఆ సాయంత్రమే ఆయన ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ మంచం మీద మోకాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుంది. సాక్ష్యం చెప్తానని ఆయన అనగానే ఆ సంచీ తీసి పక్కన పడేసింది.

"బుద్ధుందా నీకు? నీ ప్రొబేషన్ ఇంకా అవలేదు. ఆ మేనేజరు ఒకసారి దెబ్బతిన్నాడు, మళ్ళీ కారణాలు రాసేంత వెర్రివాడు కాదు. ఈసారి 'అవసరం లేదు' అని ఒక్క ముక్క రాసిస్తాడు. అప్పుడు నీ లేబర్ ఆఫీసరు కూడా ఏం చెయ్యలేడు. ఆ పన్నెండు రోజులూ నోరు మూసుకుని పనిచేసుకో. నేను నోరు విప్పింది నువ్వు మళ్ళీ రోడ్డున పడ్డానికి కాదు."

ఆవిడ చెప్పిందాంట్లో తప్పు లేదు. దారి పొడుగునా ఆయన అదే ఆలోచించాడు. ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ పొయ్యి ఆర్పేసి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఉద్యోగం పోతే మళ్ళీ కాపలా ఉద్యోగమే దొరుకుతుంది" అంది.

"తెలుసు."

"వెళ్ళకపోతే మీకు నిద్ర పట్టదు. అదీ నాకు తెలుసు" అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం కమిటీలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్నది ఆవేళ ఫోన్లో అరిచిన పెద్ద డాక్టరే. మేనేజరు ఒక చివర, రాసుకోవడానికి గుమాస్తా ఇంకో చివర. ఆవిరాయన లోపలికి రాగానే పెద్దక్క మొహం పాలిపోయింది. వెళ్ళిపొమ్మని కళ్ళతోనే కసిరింది. ఆయన చూడనట్టే వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మీ ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు కదా?" అన్నాడు డాక్టరు.

"లేదండి. ఇంకా ఆరు రోజులుంది."

"మీరు చెప్పేది మీ ఫైల్లో కూడా ఉంటుంది."

"ఉండనివ్వండి."

ఆవిరాయన ఆ గది పద్ధతి గురించి చెప్పాడు. అది పెద్దక్క కంటే ముందే ఉందని, చేరిన కొత్తలో ఆవిడ కూడా సంతకం లేకుండానే ఆరు నెలలు చేసిందని చెప్పాడు. గిన్నె వాల్చి పెట్టడం దగ్గర్నుంచి ప్రతి పనీ ఆవిడే నేర్పిందని, ఆ రోజు గీతలు చూసి ఆపడం కూడా ఆవిడ నేర్పిన పనేనని చెప్పాడు. డాక్టరు తల ఊపాడు. అక్కడితో ఆపేసినా సరిపోయేది. మేనేజరు అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఇంకొక్క మాటండి" అన్నాడు ఆవిరాయన. "ఆవిడ చూడకుండా సంతకాలు పెడుతోందని నాకు మొదటి నెలే తెలుసు. ఎప్పుడైనా నా చెయ్యి కూడా తప్పొచ్చు, ఇంకో కన్ను ఉండాలి. అది ముప్పై ఏళ్ళు ఆవిరి దగ్గర పనిచేసినవాడికి తెలీదా? తెలుసు. అయినా ఆవిడకి చెప్పలేదు, మీకూ చెప్పలేదు. నా ఉద్యోగం ఖాయమైతే చాలని నోరు మూసుకున్నాను. ఆవిడ తప్పు రాస్తే దాని పక్కన నాది కూడా రాయాలి."

"తమ్ముడూ, ఆగు" అంది పెద్దక్క. ఆవిడ ఏడుస్తోంది.

గుమాస్తా తలెత్తి, అంత గబగబా చెప్తే రాసుకోవడం కుదరట్లేదన్నాడు. ఆవిరాయన ముందుకి జరిగి, ఆ మాటలే మొదట్నుంచి ఒక్కొక్కటిగా, నెమ్మదిగా మళ్ళీ చెప్పాడు.